ఖైదీకి కాపలా

మా మేనత్త మొన్న సోమవారం పొద్దున కాడుగోడిలో తన మంచం మీదే పోయింది. పక్కింటావిడ ఫోన్ చేసేసరికి నేను వైట్‌ఫీల్డ్ ఆఫీసులో ఇంకా కంప్యూటర్ కూడా తెరవలేదు. "టీ తాగి గ్లాసు కింద పెట్టిందప్పా, అంతే, మళ్ళీ పలకలే" అంది ఆవిడ. ఎనభై దగ్గరపడిన మనిషి, మిషన్ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఎవరి చేతా ఒక్కపూట సేవ చేయించుకోకుండా వెళ్ళిపోయింది. మంచి చావు అన్నారు వచ్చినవాళ్ళంతా.

చర్చిలో కొత్త పాస్టరుగారు, పాపం, ఆవిడను ఎరగడు. ఈ సహోదరి జీవితమంతా అందరినీ క్షమిస్తూ బతికింది అని చెప్పాడు. నేను ఏడుస్తున్నదాన్ని కాస్తా నవ్వేశాను. మా అత్త పెట్టెలోంచి లేచి కూర్చుని ఆయన్ను సరిదిద్దలేదంటే నిజంగానే పోయిందన్నమాట. ఆవిడ క్షమించలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. క్షమించిన కథ కావలసినవాళ్ళు ఇక్కడితో పేజీ తిప్పేయొచ్చు.

రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడిన తెల్ల సైనికులను కొంతమందిని తెచ్చి బెంగళూరు క్యాంపుల్లో పెట్టారు. చిత్తూరు వైపు నుంచి వలస వచ్చిన మా తాత అలాంటి ఒక క్యాంపులో వంటవాడు. ఆ సైనికులు ఏ దేశం వాళ్ళో రాయను. మా అత్త పేరే రాయని చోట వాళ్ళ దేశానికి ఆ మర్యాద ఎందుకు?

ఖైదీ శత్రువే అయినా, చనిపోతే ఎలా పూడ్చాలో ప్రభుత్వాలు ముందే ఒప్పుకుని ఉంటాయి. పెట్టె ఉండాలి, గుర్తు ఉండాలి, ఏ సమాధి ఎక్కడుందో ప్లాను గీసి ఉంచాలి, యుద్ధం అయ్యాక అడిగితే అప్పగించాలి. మంచి ఒప్పందమే, నేను కాదనను. కాకపోతే అందులో వంటవాడి ఊసు లేదు. క్యాంపులో విషజ్వరాలు వచ్చినప్పుడు ఖైదీలతోపాటు మా తాత కూడా పోయాడు. కంటోన్మెంట్ వైపు పాత సమాధుల తోటలో, ఖైదీల వరసలో తవ్వి సిద్ధంగా ఉన్న గుంటలో, ఆయన్ను చాపలో చుట్టి పెట్టేశారు. ఆయన పక్కన, గోడవారగా, వరసలో ఆఖరున, అదే జ్వరంతో పోయిన ఒక కుర్ర సైనికుడు. వాడికి చెక్కపెట్టె. అప్పటికి మా అత్త మా అవ్వ కడుపులో ఉంది.

మా వాళ్ళకు ఏటా సమాధుల పండుగ ఉంటుంది. ఆ రోజు పోయినవాళ్ళ సమాధులు కడిగి, సున్నం కొట్టి, పూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆ రోజుల్లో అన్నీ కర్ర సిలువలే. పండుగ ముందురోజు సిలువ పీకి, నిలువెల్లా తెల్లరంగు వేసి, గోడకు ఆనించి ఆరబెట్టి, ఆరాక నల్లరంగుతో పేరు రాసి మళ్ళీ నాటేవాళ్ళు. మా అవ్వ తన మొగుడి సిలువతోపాటు పక్కనున్న కుర్రాడిది కూడా పీకి రంగు వేసేది. దిక్కులేని బిడ్డ, వీడికి ఎవరొస్తారు అనుకునేది. ఆ జాలే మా కొంప ముంచింది.

అత్త బడికి పోయే వయసులో, ఒక ఏడు, సరిగ్గా పండుగ ముందురోజే లారీ వచ్చింది. ఖైదీల ఎముకలన్నీ తీసి వాళ్ళ దేశానికి పంపాలని రెండు ప్రభుత్వాలూ సంతకాలు చేసుకున్నాయి. ఆ పొద్దున అవ్వ రెండు సిలువలకూ రంగు వేసి ఆరబెట్టి, తడి ఆరేలోగా నల్లరంగు తెద్దామని అంగడికి పోయింది. ఎవరూ ముట్టుకోకుండా చూడమని అత్తను కూర్చోబెట్టి పోయింది. పేర్లున్న సమాధులన్నీ తవ్వుకుంటూ కూలీలు వరస చివరికి వచ్చారు. అక్కడ రెండు మట్టి గుట్టలు, దేని మీదా సిలువ లేదు. గోడకు రెండు తెల్ల సిలువలు, దేని మీదా పేరు లేదు. ప్లానులో మాత్రం ఇంకొక్కడే మిగిలాడు, ఎందుకంటే ప్లానులో మా తాత లేడు. లారీతో వచ్చిన అధికారి కాగితం చూసుకుని, వరసలో తరువాత వచ్చే గుట్ట చూపించి తవ్వమన్నాడు.

"అది మా నాయనది సార్ అని చెప్పినా. తవ్వకముందే చెప్పినా." ఈ రెండు ముక్కలూ చెప్పేటప్పుడు మా అత్త గొంతు ఎప్పుడూ పెద్దది కాలేదు. "నా బుగ్గ గిల్లి నవ్వినాడు."

తన వార్డుల్లో ఎవరైనా పిల్లల బుగ్గ గిల్లితే ఆవిడ ఊరుకునేది కాదు. పెద్ద డాక్టరైనా సరే, చెయ్యి తియ్యండి అనేది.

తవ్విన కూలీ, దీంట్లో పెట్టె లేదు సార్, మేకులు కూడా లేవు అన్నాడట. చెదలు తినుంటాయి అన్నాడట అధికారి. అవ్వ రంగు డబ్బాతో వచ్చేసరికి ఎముకల పెట్టెకు లక్క సీలు పడింది, పైన వాళ్ళ జెండా కప్పారు, బ్యాండు వాళ్ళు వాయిద్యాలు సర్దుకుంటున్నారు. ఆవిడ లారీ ముందు పడుకుంది. రెండు ప్రభుత్వాలు వేసిన సీలు ఒక వంటవాడి పెళ్ళాం కోసం తెరవరు అని చెప్పి పక్కకు లాగేశారు. తరువాత అర్జీలు పెట్టింది. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పొమ్మంది. అందరూ మర్యాదగానే మాట్లాడారట, అదే ఇంకా మంట.

అవ్వ ఆ సాయంత్రమే రెండు పనులు చేసింది. ఒక సిలువ మీద తన మొగుడి పేరు రాసి, మిగిలిపోయిన గుట్ట మీద, అంటే ఆ సైనికుడి మీద, తన చేత్తో నాటింది. ఇక ఎవడు వచ్చి వెతికినా వాడు దొరకడు. రెండో సిలువను ఇంటికి తెచ్చి, గొడ్డలితో చీల్చి, పొయ్యిలో పెట్టి ఆ పూట అన్నం వండింది. తడిరంగు పొగకు కళ్ళు మండాయని అత్త చెప్పేది. అయినా కడుపునిండా తిన్నారట.

అప్పటి నుంచి వాడు మా ఖైదీ. మా ఇంట్లో ఆ మాటే వాడేవాళ్ళం. "ఖైదీని చూసొస్తా" అని అత్త నెలకోసారి కాడుగోడి స్టేషన్లో రైలెక్కేది. అవ్వ పోయాక ఆ డ్యూటీ ఆవిడది. మా నాన్న, అంటే ఆవిడ అన్న, పోనీలేవే అనే రకం. ఆయన్ను ఈ విషయంలో మనిషి కింద లెక్క వేసేది కాదు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు, నాకు ఒక మగవాడి కాపలా చాలు అనేది. వాళ్ళకు అర్థమయ్యేది కాదు, నేను పక్కన కూర్చుని పొంగిపోయేదాన్ని.

నన్ను కూడా తీసుకెళ్ళేది. సమాధుల తోటలో ఆవిడ చుట్టుపక్కల వాళ్ళందరికీ నీళ్ళు పోసేది, గడ్డి పీకేది, దిక్కులేని పసిపిల్లల గుట్టల మీద కూడా పూలు పెట్టేది. మా తాత పేరున్న దాని మీద మాత్రం ఒక్క కొవ్వొత్తి వెలిగించలేదు. గడ్డి పెరగనీయదు, పువ్వు పెట్టదు. బళేపేట ఇనుప అంగళ్ళలో బేరమాడి ఒక కటకటాల చట్రం చేయించి దానిమీద బిగించి, తాళం వేసింది. సమాధికి తాళమేమిటమ్మా అని కాపలాదారు నవ్వితే, లోపలున్నవాడు మంచివాడు కాదు అంది. ఆ తరువాత పక్క రాతి మీద కూర్చుని వాడికి కబుర్లు చెప్పేది. మీవాళ్ళు ఈ నెల కూడా రాలేదు. మీ దేశంలో ప్రభుత్వం మళ్ళీ పడిపోయిందట, పేపర్లో చూశా. నాకు ప్రమోషనొచ్చింది, మా నాయన చూసే యోగం లేకుండా చేశారు కదా, నువ్వు విను. ఇంత పొందిగ్గా, ఇంత విసుగు లేకుండా పగ పట్టినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

ఆసుపత్రిలో అదే మనిషి వేరుగా ఉండేది. నొప్పి తెలియకుండా సూది వేసేది ఆవిడేనని రోగులు ఆవిడ డ్యూటీ కోసం కాచుకునేవాళ్ళు. నా ఇంజనీరింగ్ ఫీజు ఆవిడే కట్టింది, నేను ఉద్యోగంలో చేరిన రోజు నా చెప్పులు పాతవని తనవి విడిచి ఇచ్చింది. ఆఫీసులో నా పనిని మేనేజరు తన పేరు మీద చూపించుకున్నప్పుడు ఏడుస్తూ వెళ్ళాను. ఓదార్చలేదు. "కోపం పెట్టుకో పాపా. కానీ ఉతుక్కుని మడతపెట్టి పెట్టుకో. వాసనొచ్చే కోపమంటే ఎవురికీ భయం లేదు" అంది. ఏడాది ఓపిక పట్టి, ఆధారాలన్నీ పేర్చి ఆ మేనేజరును సాగనంపాను. ఆ రోజు ఆవిడ మటన్ బిర్యాని వండింది.

ఒకసారి నేను ఫోన్లో వాళ్ళ దేశపు వీరుల స్మారకం ఫోటో చూపించాను. చలువరాతి గోడ, గోడలో అరలు, ఒక అర మీద మా ఖైదీ పేరు, ముందు తుపాకీతో సిపాయి. ఆవిడ వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. "మా నాయనకి సిపాయి కాపలానా!" అని నవ్వింది. మళ్ళీ చూసి, మూలల్లో సరిగ్గా తుడవలేదు అంది. ఆ అరలో ఉన్నాయన్ను తెచ్చుకోవాలి, పోయినంత మర్యాదగా రావాలి, ఆవిడ బతుకంతా అడిగింది అంతే.

పోయిన ఏడాది వాళ్ళే వచ్చారు. ఎముకల్లోంచి రక్తసంబంధం తేల్చే పరీక్షలు వచ్చాయి కదా. ఆ సైనికుడి కూతురు, మా అత్త కన్నా నాలుగేళ్ళు పెద్దది, చచ్చేలోగా తండ్రి ఎముకల పక్కన తన చోటు ఖాయం చేసుకుందామని పరీక్ష చేయించింది. అరలో ఉన్నవాడు తన తండ్రి కాదని తేలింది. అక్కడి నుంచి తీగ లాగుతూ, మా అవ్వ పెట్టిన పాత అర్జీలు పట్టుకుని రాయబార కార్యాలయం అధికారి ఒకాయన ఆవిడను వెంటబెట్టుకుని కాడుగోడిలో మా అత్త ఇంటికి వచ్చాడు. నేను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి చెప్పడానికి కూర్చున్నాను.

మీకేమైనా తెలుసా అని అధికారి చాలా జాగ్రత్తగా అడిగాడు. "తెలియకేం. మా దగ్గరే ఉండాడు" అంది అత్త.

ఆ ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ కూడా తండ్రిని ఎరగదు. ఏటా ఆ చలువరాతి గోడ దగ్గరకు పోయి పూలు పెట్టి వచ్చేదట. అత్త అది విని, నన్ను చెప్పమనకుండా తనే ఆవిడ కళ్ళలోకి చూస్తూ తెలుగులో అంది. "అవి నేను పెట్టాల్సిన పూలు గదప్పా." నేను తర్జుమా చేశాను. ఆవిడ తల వంచుకుంది.

తండ్రిని ఒక్కసారి చూడాలని ఆవిడ అడిగింది. జైల్లో కూడా ములాఖత్ ఇస్తారు కదా, పద అంది అత్త. అందరం సమాధుల తోటకు పోయాం. ఆ ముసలావిడ కటకటాలు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. లోపలి మట్టి ఒక్క పిడికెడు ముట్టుకోనివ్వమని అడిగింది. తాళంచెవి అత్త చేతిసంచీలో ఉందని నాకు తెలుసు. ఆవిడ సంచీని ఇంకాస్త దగ్గరకు లాక్కుంది. "మా నాయన మట్టి నన్ను ముట్టుకోనిచ్చినారా?" అంది. ఆ మాట కూడా నేనే తర్జుమా చేశాను.

చదివేవాళ్ళకు ఇక్కడ అత్త మీద కోపం రావచ్చు. రానివ్వండి. ఆ కూతురి తప్పు ఏమీ లేదని మా అత్తకూ తెలుసు. బుగ్గ గిల్లించుకున్న పిల్ల తప్పు మాత్రం ఏముంది?

తిరిగి వచ్చాక అత్త తన షరతు చెప్పింది. ముందు మా నాయన రావాలి. మీవాడనుకుని ఎలా తీసుకుపోయారో అలాగే తేవాలి. జెండా, బ్యాండు, ముందు నడిచే అధికారి, అన్నీ. మా నాయన ఈ మట్టిలోకి దిగిన మర్నాడు మీవాణ్ణి నేనే కడిగి, బట్టలో చుట్టి ఇస్తా, నర్సును, నాకు చాతనవును. అధికారి రాసుకున్నాడు. పైకి పంపుతానన్నాడు. నిజాయితీగానే అన్నాడనుకుంటాను.

జవాబు రావడానికి నెలలు పట్టింది. రెండు దేశాల ఒప్పందం సైనికులకే వర్తిస్తుందని, క్యాంపు పనివారికి సైనిక మర్యాదలు ఇచ్చే వీలు లేదని, తమ సైనికుణ్ణి అప్పగించాక రెండో అవశేషాలను కుటుంబానికి కార్గోలో పంపగలమని, విచారం వ్యక్తం చేస్తున్నామని.

"కార్గోలోనా?" అంది అత్త. "మా నాయన మామిడిపండ్ల పెట్టెనా?"

పోనీ ఎలాగో ఒకలా రానీ అత్తా, నీకు వయసవుతోంది అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపుకు నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. క్షమించేస్తే పోయేది ఏముంది అని ఆ రోజుల్లో చర్చి వాళ్ళు అడిగితే, అడిగినవాళ్ళకు ఇస్తారు క్షమాపణ, అడగనివాళ్ళకు నేనెందుకు కార్గోలో పంపేది అంది. కార్గో మాట ఆవిడ నోట్లో నిలిచిపోయింది.

ఆ తరువాత ఒక ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. బెంగళూరులో సమాధుల తోటలన్నీ నిండిపోయాయి. కొత్త గుంటకు చోటు లేదు. ఇంట్లో ఎవరైనా పోతే కుటుంబానికి ఉన్న పాత సమాధే తెరిచి అందులో పెడతారు. ఒకసారి అలా మూశాక చాలా ఏళ్ళ వరకు తెరవనివ్వరు, ఆ తరువాత కూడా వారసులు సంతకం పెట్టాలి. ఇదంతా కమిటీ దగ్గర కనుక్కుని వచ్చింది.

"నేను పోతే నన్ను వాని మీదే పెట్టు పాపా" అంది. "వాన్ని తియ్యాలంటే ముందు నన్ను తియ్యాల. నన్ను తియ్యాలంటే వాళ్ళ కాగితంలో నా పేరు రాయాల. నా పేరు రాస్తే, కూతురని రాయాల. ఎవురి కూతురని మా నాయన పేరు రాయాల."

ఆవిడ అంత సంతోషంగా ఉండటం నేను చాలా రోజుల తరువాత చూశాను. ఆ పూట రెండుసార్లు పాయసం వేసుకుంది.

మంగళవారం కటకటాలు తీయించి గుంట తవ్వించాను. మా కుటుంబం సమాధి అది, మా తాత పేరు ఉంది, ఎవరూ ఆపలేకపోయారు. కాస్త లోతుకు పోయాక తవ్వేవాడి గడ్డపారకు చెక్క తగిలింది. చివికిపోయిన పలక, తుప్పు పట్టిన మేకులు. పాత ఎముకలు తీసి ఒక మూలకు సర్దమంటారా అని అలవాటు ప్రకారం అడిగాడు. వద్దు, వాణ్ణి కదిలించొద్దు, మట్టి కప్పి దానిమీదే దించండి అన్నాను. మా అత్త పెట్టె వాడి పెట్టె మీద, కొలిచి చేసినట్టు, సరిగ్గా దిగింది. పిడికెడు మట్టి వేసేటప్పుడు నేను ప్రార్థన చేయలేదు. గట్టిగా పట్టుకో అత్తా అన్నాను.

మట్టి కప్పడం అయ్యాక ఆ రాయబార కార్యాలయం అధికారి వచ్చాడు. ఆవిడ పోయిందని మెయిలు పెట్టింది నేనే, ఎక్కడ పెడుతున్నామో కూడా రాశాను. నల్ల సూటు వేసుకుని, రెండు చేతులతో ఒక పెద్ద పూలచక్రం మోసుకుంటూ వచ్చాడు. దాని మీద అడ్డంగా వాళ్ళ జెండా రంగుల పట్టీ, దాని మీద బంగారు అక్షరాలతో వాళ్ళ దేశం పేరు. తమ సైనికుడి సమాధి ఇదేనని ఇప్పుడు అధికారికంగా తెలిసింది కాబట్టి గౌరవం చూపించడం తన విధి అన్నాడు. ఎక్కడ పెట్టమంటారు అని నన్ను అడిగాడు.

మీ ఇష్టం, ఎక్కడ పెట్టినా అది మా అత్త మీదే ఉంటుంది అన్నాను.

ఆయనకు అర్థమైంది. వంగి, ఆవిడ కాళ్ళ వైపు తడిమట్టి మీద దాన్ని నిలబెట్టి, పట్టీ ముడతలు సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసి తల వంచుకుని నిలబడ్డాడు. ఎండ నడినెత్తి మీద ఉంది. పాస్టరుగారు వెళ్ళిపోయారు, తవ్వినవాళ్ళు పారలు కడుక్కుని వెళ్ళిపోయారు. ఆయన ఒకటి రెండు సార్లు నా వైపు చూశాడు. ఇక చాలు అని చెప్పాల్సింది ఇంటి మనిషిగా నేనే. నేను చెప్పలేదు. ఆయన నిలబడే ఉన్నాడు.